వాడి ఎరుపు, నా కన్ను

మావాడు గుండెపోటుతో పోయాక నాకు అన్నం సహించలేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, రాత్రుళ్లు చెమటలు, తెరలు తెరలుగా దగ్గు. చొక్కాలన్నీ వదులయ్యాయి. స్నేహితుడి మీద బెంగ పెట్టుకున్నాడన్నారు ఇంట్లో. నాకూ ఆ మాట నచ్చింది. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కళాశాలలో ఒకే గది, తర్వాత అనంతపురంలో ఒకే వీధి. అంతటివాడు పోతే మనిషి చిక్కిపోడా? బెంగకు దగ్గు రాదని మా కోడలు పట్టుబట్టి కఫం పరీక్ష చేయించింది. క్షయ అని తేలింది.

మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇచ్చింది. పోషకాహారానికి నెలకు 1,000 రూపాయలు ఖాతాలో పడ్డాయి. వాటిలో రిఫాంపిసిన్ అనే మందు వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పారు కాబట్టి హడలిపోలేదు. మావాడుంటే ఆ రంగుకు ఒక పేరు పెట్టి, నలుగురిలో అనేసేవాడు. వాడి హాస్యం అలాంటిది.

జ్వరం తగ్గింది, ఉగ్గాని రుచి తెలిసింది. గండం గడిచిందనుకుంటుండగా, గోడ మీదున్న వాడి బొమ్మ పాడైంది.

లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చూసి వేసిన బొమ్మ అది. చదువుకునే రోజుల్లో సెలవులకు వస్తే అక్కడే ఉండేవాళ్లం. (2022లో జిల్లాలు విడిపోయాక లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. మాకు మాత్రం ఇప్పటికీ అనంతపురమే.) 16వ శతాబ్దపు చిత్రాలు: ఎర్రమన్ను రంగు, పచ్చ, పసుపు, తెలుపు, అన్నిటినీ పట్టి నిలిపే నల్లటి గీత. మావాడు మండపంలో రాతినేల మీద వెల్లకిలా పడుకుని, అట్టను పొట్టకు ఆనించి గీసేవాడు. భక్తులు దాటుకుంటూ వెళ్లేవారు. ఒక ముసలమ్మ, పాపం కళ్లు తిరిగి పడిపోయాడనుకుని, చేతిలో కొబ్బరి చిప్ప పెట్టింది. లేవకుండానే తిన్నాడు. దేవుళ్లను వదిలేసి చెలికత్తెల చీర అంచులు గీయడం వాడి పిచ్చి. "ఒరేయ్, గీత నిలబడితే రంగు దానంతటదే కూర్చుంటుంది" అనేవాడు. నేను రంగు మనిషిని, ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఆ బొమ్మలో ఎరుపు బూడిదలా మారింది. పచ్చ కూడా అందులోనే కలిసిపోయింది. చవక రంగులు కొనొద్దని ఎంత మొత్తుకున్నా విన్నాడా పిసినారి, అని పోయినవాణ్ణి తిట్టుకున్నాను. "బొమ్మ ఎప్పటిలాగే ఉంది కదా మామయ్యా" అంది కోడలు. కంటి డాక్టరు రంగు చుక్కల పటం ముందు పెట్టి అందులోని అంకె చదవమన్నారు. నాకు చుక్కలే కనిపించాయి.

క్షయ మందుల్లో ఇథాంబుటాల్ ఒకటి. అది కొందరిలో కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. ఎరుపు, పచ్చల తేడా తెలియకపోవడం దాని తొలి గుర్తుల్లో ఒకటి. త్వరగా కనిపెట్టి ఆపేస్తే చాలామందికి చూపు తిరిగి వస్తుంది. నాకు ఆ ఒక్కటి ఆపి మిగతావి కొనసాగించారు. జీవితమంతా రంగులతో గడిపినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది. రంగులతో పనిలేనివాళ్లకు ఎప్పటికి తెలియాలి? ఆ మందు వాడేవాళ్లు కళ్లు చూపించుకుంటూ ఉండాలి.

ఎరుపు లేని ఆ రోజుల్లో ఆ బొమ్మనే చూస్తూ కూర్చున్నాను. అంచులో హంసల వరుస. ఒకదాని ముక్కు ఇంకోదాని తోకను తాకేచోట గీత సన్నబడి, మెడ వంపులో మళ్లీ లావెక్కుతుంది. కుంచె ఎత్తకుండా వరుసంతా లాగేశాడు. ఇన్నేళ్లు మా గోడ మీదే ఉన్నా నా కంటికి ఆనలేదు. ఈ ముక్క వాడు బతికుండగా అని ఉంటే వారం పాటు వాణ్ణి పట్టుకోలేకపోయేవాళ్లం.

చికిత్స పూర్తయింది. రంగులు మెల్లగా తేరుకున్నాయి. వాడి చిత్తు పుస్తకాలు వదిన నాకిచ్చింది, పేజీలు సరిచేస్తున్నాను. ఒక చెలికత్తె చీర అంచు పక్కన పెన్సిలుతో 'పచ్చ' అని రాసుకున్నాడు. నాకు గుర్తున్నది నలుపు. మొన్న హిందూపురం మీదుగా లేపాక్షి వెళ్లి, మెడ పట్టేసేదాకా చూసి వచ్చాను. నలుపే. వాడుంటే ఒప్పుకునేవాడు కాదు, నీ కళ్లకు ఇంకా మందు దిగలేదనేవాడు.