మోటర్ మెకానిక్ వారాసిగూడ

పొద్దున ఆరున్నరకి సూర్యాపేట బస్టాండ్‌ల ఎక్స్‌ప్రెస్ ఎక్కిన. ఎక్కిన అంటే వెనకోళ్లు తోస్తే లోపల పడ్డ. 2023 డిసెంబర్‌ల ఆడోళ్లకి ఫ్రీ చేసినకాడి నుంచి ఎక్స్‌ప్రెస్‌ల సీటు దొరికిందంటే లాటరీ తగిలినట్టే. పైసలు పెట్టి సూపర్ లగ్జరీల పోరాదా అన్నడు మా ఆయన. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ చేతిల పెడుతుంటే ఎవరు పోతరు? నకిరేకల్ దాటింది, చిట్యాల దాటింది, నిలబడే ఉన్న. చౌటుప్పల్‌ల ఒకామె దిగితే అప్పుడు కూర్చున్న, అప్పటిదాక ఒక చేత్తో పైన రాడ్, ఇంకో చేత్తో ఫైలు. ఫైల్‌ల స్టాంప్ పేపర్లున్నయ్, అవి నలిగితే వకీలు మళ్లీ పైసలడుగుతడు.

నేను పోతున్నది చచ్చిపోయిన మా పెద్దత్త సంతకం కోసం.

మా ఇంట్ల దేవుని గూడు పక్కన గోడకి ఒక ఫొటో ఉంటది. లంగా ఓణీ, రెండు జడలు, పక్కన స్టూడియోవాళ్ల పూలకుండీ, ఫొటోకి దండ. 1981ల బావిల పడి పోయిందని చెప్పేటోళ్లు. ఆ బావి దిక్కు నన్ను, మా తమ్ముణ్ని పోనిచ్చేటోళ్లు కాదు. ఊరి పిల్లలందరు ఆ బావిలనే ఈత నేర్చుకున్నరు, మేం తప్ప. నాకిప్పటికీ ఈత రాదు. మనిషి చచ్చిన బావిల వీళ్లకి భయం ఎట్ల కాలేదో అని అప్పుడు ఒక్కసారన్న ఆలోచించి ఉంటే బాగుండేది. ఊరందరికీ తెలుసు, మాకే తెల్వదు. ఏటా పెత్రామాస నాడు తాత పేరు మీద, నాయనమ్మ పేరు మీద, పెద్దత్త పేరు మీద అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చుడు, ఆ తర్వాతనే ఎంగిలిపూల బతుకమ్మ. పెద్దత్త బియ్యం చాటల పోసి ఇచ్చేది నేనే, ఆడపిల్ల పేరు మీద ఆడపిల్ల ఇయ్యాలె అని నాయిన అనేటోడు.

ఇదంతా బయటపడ్డది భూమితోటి. తాత కొన్న రెండెకరాలు అమ్ముదామనుకున్నం. భూముల రికార్డులకి ధరణి పోయి భూభారతి వచ్చింది గాని వారసుల సంతకాలు మాత్రం యాడికి పోలే. కొనేటాయన తరఫు వకీలు మీ తాతకి పిల్లలెంతమంది అని అడిగితే ముగ్గురు సార్, ఒకామె లేదు అన్న. ఐతే డెత్ సర్టిఫికెట్ తెండి అన్నడు. తాత సొంతంగా కొన్న భూమి కాబట్టి 1956 చట్టం ప్రకారమే బిడ్డలకి కొడుకుతో సమానంగా వాటా ఉంటదంట, కాగితం లేకపోతే ఆమె బతికున్నట్టే లెక్క అని నవ్విండు. పంచాయతీల పాత రిజిస్టర్లు తీపిచ్చిన, 81ల లేదు, 82ల లేదు. నాయినకి చెప్పిన. మూడు రోజులు నాతోటి మాట్లాడలే. నాలుగోనాడు తన ఫోన్ నా చేతిల పెట్టి, "మోటర్ మెకానిక్ వారాసిగూడ అని ఉంటది చూడు. ఆ నంబర్‌కి చెయ్యి" అన్నడు.

ఈ మోటర్ మెకానిక్ నాకు బాగ తెలుసు. దసరాకి, సంక్రాంతికి ఫోన్ వచ్చేది, నాయిన ఫోన్ పట్టుకొని బర్రెల కొట్టం దిక్కు పోయేటోడు, పండగ పూట గూడ మోటర్లేనా అని అమ్మ గులుగుకునేది. బోరు కాలిపోని ఇల్లు మా దిక్కు ఉండదు, కాబట్టి ఎవరికీ అనుమానం రాలే. ఆ మెకానిక్కే మా పెద్దత్త. అమ్మ వారం దాక ఆయనకి అన్నం పెట్టలే, వండి మూత పెట్టి పక్కకి పోయేది.

ఎల్బీనగర్ కాడ ట్రాఫిక్ గురించి ఏం రాస్త, మీకు తెలిసిందే. ఎంజీబీఎస్‌ల దిగి మెట్రో ఎక్కిన. 2025 మేల చార్జీలు పెంచిన్రు, జనం గోల చేస్తే కొద్దిగ తగ్గించిన్రు, అయినా ఫ్రీ బస్ దిగి వచ్చిన దానికి అది గూడ ఎక్కువే అనిపించింది. సుల్తాన్ బజార్, నారాయణగూడ, చిక్కడపల్లి అని వరసగ స్టేషన్ల పేర్లు చదువుతుంటే ఒళ్లు మండింది. కారణం చెప్త తర్వాత. గాంధీ హాస్పిటల్ స్టేషన్ల దిగి వారాసిగూడకి ఆటో అడిగితే నూటయాభై అన్నడు, ఏమన్న శంషాబాద్ పోతున్ననా అంటే ఎనభైకి దిగిండు.

గల్లీల గల్లీ, రెండో అంతస్తు. మెట్ల మీద చెప్పుల జతలు, నీళ్ల డబ్బాలు. ఏడుపులు ఉంటయేమో, నేనేం అనాలె అని బస్‌ల మూడు రకాలుగ అనుకున్న. ఆమె తలుపు తీసి, నన్ను చూసి, నా చేతిల ఫైల్ చూసి, "నీళ్లు తాగు ముందు. ఎండల పడి వచ్చినవ్" అన్నది. అంతే. 63 ఏండ్ల మనిషి, పొట్టి, కండ్లద్దాలకి దారం. మనుమణ్ని స్టీల్ టిఫిన్ ఇచ్చి ఇరానీ హోటల్‌కి తోలింది చాయ్ కోసం. మేనత్త చేతి వంట అని నేను ఏదో ఊహించుకుంటే ఆమెకి వంట అంటేనే చిరాకంట. చాయ్ కప్పు ఇరవై రూపాయలైందని, అంతకుముందు ఆ పైసలకి ఇంటిల్లిపాది తాగేదని కాసేపు తిట్టింది. మూలకి ఒక ఆల్విన్ ఫ్రిజ్, రంగు పోయి తుప్పు పట్టింది గాని నడుస్తుంది. మామయ్య ఆ కంపెనీలనే చేసేటోడంట. దాని మీద ఆయన ఫొటో, దానికి దండ. ఈ దండ నిజమైందే.

చాయ్ తాగుకుంట మొదటి ప్రశ్న ఏమడిగిందో తెలుసా?

"నా పేరు మీద బియ్యం ఇచ్చిన్రంట గద ఏటేట?"

"అవునత్తా."

"ఎన్ని ఇచ్చేటోళ్లు?"

"రెండు కిలోలు."

పైకి చూసి వేళ్ల మీద లెక్కేసింది. "నలభై నాలుగేండ్లు. ఎనభై ఎనిమిది కిలోలు. ఇంకో పన్నెండు కిలోలైతే క్వింటాల్ నిండు. సన్నబియ్యమా?"

"దొడ్డు బియ్యమే."

"నాకు తెలుసు" అని నవ్వుడు షురూ చేసింది, దగ్గొచ్చేదాక. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే, బిస్కట్ చాయ్‌ల పడి కరిగిపోయింది.

మామయ్య కరెంటు లైన్ పని మీద మా ఊరికి వచ్చిన మనిషి, వేరే కులం. సుల్తాన్ బజార్ ఆర్యసమాజ్‌ల పెండ్లి చేసుకున్నరు. పొద్దున నేను మెట్రోల దాని మీది నుంచే వచ్చిన. ఇంట్ల ఒప్పుకోలే, తాత బావి కథ చెప్పిండు, ఊరు తలూపింది. ఇంతవరకు నేను ఊహించుకున్నదే. ఊహించనిది ఏందంటే, ఆ రాత్రి ఆమె బట్టల సంచి సైకిల్‌కి కట్టుకొని సూర్యాపేట బస్టాండ్ దాక దిగబెట్టింది మా నాయిన. అప్పుడు ఆయనకి పదిహేనేండ్లు. తెల్లారి వచ్చి అందరితోటి కలిసి బావిల గాలం వేసి వెతికిండంట.

"అంత ఏడ్పు ఎట్ల ఏడ్చినవ్‌రా అని అడిగిన ఒకసారి. నిజంగనే వచ్చింది అక్కా అన్నడు."

ఇప్పుడు నా ఒళ్లు మండిన సంగతి. 2005ల ఇంటర్ అయినంక నాకు కోఠి విమెన్స్ కాలేజిల సీటొచ్చింది. నాయిన వద్దన్నడు. ఎందుకు అంటే పట్నం వద్దు అంటే వద్దు. సూర్యాపేటల డిగ్రీ చేసిన, పెండ్లైంది, ఇద్దరు పిల్లలు, ఏం లోటు లేదు, అయినా ఇన్నేండ్లు ఆ కాలేజి గురించి యాడ కనిపించినా చదివేదాన్ని, పోయిన పెండ్లి సంబంధం గురించి అడిగినట్టు. 1924ల మొదలైంది, 1949ల రెసిడెన్సీ బిల్డింగ్‌లకి వచ్చింది, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతోటి యూనివర్సిటీ అయింది, అన్నీ నోటికొచ్చు. పట్నంల చెడిపోతరు అనేది ఊర్లల్ల మామూలే, మా నాయిన గూడ అట్లనే అనుకున్న. అక్కని సైకిల్ మీద పంపిన మనిషి అని నాకేం తెలుసు?

అదే అడిగిన అత్తని. ఆమె కొద్దిసేపు చాయ్ కప్పు తిప్పింది.

"నీకు సీటొచ్చిన సంగతి నాకు చెప్పిండు బిడ్డా. ఎస్టీడీ బూత్ నుంచి చేసిండు. నా తానికి తోలు, నేను చూసుకుంట అన్న. ఫోన్ పెట్టేసిండు. ఆ ఏడు దసరాకి గూడ చెయ్యలే."

తర్వాత ఏం మాట్లాడుకున్నమో సగం గుర్తు లేదు. ఫైల్ తీసిన. కండ్లద్దాలు సర్దుకొని ప్రతి పేజీ చదివింది, హద్దులల్ల తూర్పు దిక్కు పేరు తప్పుందని చెప్పింది, నిజంగనే తప్పుంది. పెన్ను అందిస్తే తీసుకోలే. వాటా వద్దంట, పైసలు వద్దంట. "ఆ గోడ మీది ఫొటో తెచ్చియ్యి. నా వయసప్పటిది ఒక్క ఫొటో లేదు నా తాన. తెచ్చినంక సంతకం పెడత." ఎంత చెప్పినా వినలే. ఇంకోసారి రావాల్నా అత్తా అంటే, నీకు బస్ ఫ్రీయే గద అన్నది.

ఎంజీబీఎస్‌కి నేను పోత అన్నా వినకుండ కోఠి దాక వస్త అని బస్ ఎక్కించింది. ఇద్దరివీ జీరో టికెట్లే. సుల్తాన్ బజార్ సందుల ఒక బట్టల షాపు మెట్ల కింద ఉన్న జాగ చూపించింది, ఇప్పుడు అక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నరు. ఇరవై రెండేండ్లు అక్కడనే చీరలకి ఫాల్, పీకో. పీకో మిషన్ మీద, ఫాల్ మాత్రం చేత్తోనే కుట్టాలంట, మిషన్ మీద వేస్తే కుచ్చిళ్లకాడ అంచు గుంజుకపోతదంట. చెప్తుంటే చూపుడు వేలు కొస చూపించింది, సూది పోట్లకి చర్మం అట్ట లెక్క గట్టిపడ్డది.

"కాలేజి ఆడపిల్లలంతా నా దగ్గరికే. ఫేర్‌వెల్ వస్తే రాత్రి పదింటి దాక కుట్టేదాన్ని."

ఏ సంవత్సరాలు అని నేను అడగలే.

కాలేజి గేటు కాడ కాసేపు నిలబడ్డం. ఆ బిల్డింగ్ కట్టించిన బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ దొర హైదరాబాద్ పెద్దింటి పిల్ల ఖైరున్నిసాని చేసుకున్నడని, 1805ల పిల్లలిద్దరిని ఇంగ్లండ్‌కి తోలిచ్చిండని, ఆ పిల్లలు మళ్లీ తల్లిని చూడలేదని అత్తకి చెప్పిన. ఎక్కడ చదివినవ్ అన్నది. ఇక్కడ చదవలే గద, ఇంట్ల కూసొని చదివిన అన్న. "దొరలకి గూడ బావి కావాల్సొచ్చింది" అని చెరుకురసం బండి దిక్కు నడిచింది.

ఎంజీబీఎస్‌ల ప్లాట్‌ఫాం మీద సూర్యాపేట ఎక్స్‌ప్రెస్ అప్పటికే నిండింది. బస్ మలక్‌పేట దాటుతుంటే నాయిన ఫోన్.

"పెట్టిందా సంతకం?"

"పెట్టలే. ఫొటో కావాలంట."

"ఏ ఫొటో?"

"గోడ మీదిది."

చాలసేపు ఏం మాట్లాడలే. కట్ అయిందేమో అని ఫోన్ చూసుకున్న, సెకండ్లు తిరుగుతనే ఉన్నయ్. వెనక బర్రె అరుపు వినబడ్డది. కొట్టం కాడికే పోయిండు, ఇప్పుడు దాచేటందుకు ఏం లేదు గాని అలవాటు.

"సైకిల్ సంగతి చెప్పింది నాయినా" అన్న.

"ఊఁ" అన్నడు. ఇంకొంచెం ఆగి, "సీటు దొరికిందా బిడ్డా?" అన్నడు.

"దొరకలే. నిలబడే వస్తున్న."