నాయన కాసిన పహారా

2018 జూన్‌లో నాకు క్షయ ఉందని తేలింది. అంతకు ముందు ఆరు వారాల పాటు అనంతపురంలో ఒక వైద్యుడు దగ్గుమందు మార్చి మార్చి ఇస్తూ వచ్చారే తప్ప కళ్లె పరీక్ష చేయించలేదు. సాయంత్రమయ్యేసరికి జ్వరం కాయడం, రాత్రి బనియన్ తడిసిపోయేలా చెమట పట్టడం, బరువు 46 కిలోలకు పడిపోవడం గమనించి, నన్ను పట్టుబట్టి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లింది మా నాయనే. అప్పటికి ఆయనకు 68 ఏళ్లు.

నాయన మద్రాస్ రెజిమెంట్ సిపాయి. నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో శిక్షణ పొంది, 1971లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో సరిహద్దు అవతలి షకర్‌గఢ్ వైపు పనిచేసి, పింఛనుతో ఇల్లు చేరాక ఒక బ్యాంకులో గార్డుగా ఉంటూ మా ముగ్గురినీ చదివించారు. పక్షవాతంతో అమ్మ కుడిచేయి పడిపోయిన నాటి నుంచి ఆమెకు జడ వేసింది కూడా ఆయనే. మొదట్లో పాయలు వదులయ్యేవి. నెల తిరిగేసరికి అమ్మ వేసుకున్నంత బిగువుగా అల్లేవారు.

క్షయకు చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన మాత్రలు, ఆ తర్వాత మూడు మందులు కలిపినవి. నా బరువుకు రోజుకు మూడు మాత్రలు ఇచ్చారు. ఉదయం ఆరింటికి పరగడుపున నాయన తన ఎనామెల్ మగ్గుతో నీళ్లు తెచ్చి, మాత్రలు చేతిలో పెట్టి, గోడకున్న క్యాలెండరులో ఆ తేదీ మీద పెన్సిలుతో గీత గీసేవారు. మూత్రం నారింజ రంగులో వచ్చి నేను భయపడితే, అది ఆ మాత్రల్లోని రిఫాంపిసిన్ అనే మందు వల్లనేనని ఆసుపత్రిలో అడిగి తెలుసుకుని వచ్చి చెప్పారు.

ఆగస్టు చివరికి దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది, సంగటి ముద్ద ఇష్టంగా తినసాగాను. నయమైపోయిందనుకున్నాను. మాత్రలు చూస్తేనే వికారం కలుగుతుండడంతో రెండు రోజులు వాటిని దవడన దాచి పెరట్లో ఉమ్మేశాను. మూడో రోజు నాయనకు తులసికోట పక్కన మాత్ర దొరికింది. ఎన్నాళ్ల నుంచని అడిగారు, చెప్పాను. ఆయన కోప్పడలేదు. యుద్ధం మాట ఎన్నడూ ఎత్తని మనిషి ఆ రాత్రి నా మంచం పట్టె మీద కూర్చుని చెప్పారు:

"డిసెంబరు 17 రాత్రి కాల్పులు నిలిచిపోయె. అయినా మేం కందకం వదల్లేదురా. ఒప్పందం మరుసటేడు జూలైలో అయింది. మేం పట్టుకున్న నేల వాళ్లకు తిరిగి అప్పజెప్పేసరికి మళ్లా డిసెంబరొచ్చె. ఆ ఏడాదంతా రాత్రిళ్లు పహారా కాస్తానే ఉంటిమి."

అంతే చెప్పి లైటు ఆర్పేశారు. మరునాటి నుంచి నేను మింగేదాకా నిలబడి, నోరు తెరిపించి, నాలుక కింద కూడా చూసేవారు.

డిసెంబరులో కళ్లె పరీక్షలో క్రిములు లేవని వచ్చింది. బరువు 54 కిలోలకు చేరింది. ఆ కాగితాన్ని నాయన అమ్మకు రెండుసార్లు చదివి వినిపించారు.

నాయన పోయాక ఆయన నల్ల ట్రంకుపెట్టె తెరిచాను. పతకాల కింద, డిశ్చార్జి పుస్తకంలో మడిచిపెట్టిన ఆ ఏటి క్యాలెండరు కనిపించింది. ఆగస్టులో నేను ఉమ్మేసిన రెండు తేదీల మీది గీతలను రబ్బరుతో చెరిపేసి, డిసెంబరు చివర్లో మరో రెండు గీతలు గీసి ఉన్నాయి.