నీళ్ళలో మైనస్ 2 మైక్రోగ్రాములు

నిన్న సాయంత్రం నెల్లూరు ట్రంకు రోడ్డులో ప్రాజెక్టు రిపోర్టు బైండింగ్‌కి ఇచ్చి వచ్చాను. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

మాది కనిగిరి పక్కన పల్లె. ఫ్లోరైడ్ భయంతో ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంట్లో క్యాన్ నీళ్ళే. అందుకే ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి క్యాన్ నీళ్ళలో, బాడీ స్ప్రేల్లో థాలేట్లు వెతుకుతానన్నాను. థాలేట్లంటే ప్లాస్టిక్ మెత్తబడటానికి కలిపే నూనెలాంటి రసాయనాలు. లీటరు నీళ్ళని డైక్లోరోమీథేన్ అనే ద్రావకంతో మూడుసార్లు గిలకరించి, థాలేట్లు లాక్కున్న ఆ ద్రావకాన్ని 1 మిల్లీలీటరుకి ఇగర్చడం, ఆ సీసాల్ని పాత చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని పినాకిని రైల్లో చెన్నై ల్యాబుకి మోయడం, అంతా సాఫీగానే జరిగింది.

రిపోర్టు వచ్చాక బతుకు బస్టాండయింది. క్యాన్ నీళ్ళలో డీఈహెచ్‌పీ అనే థాలేటు లీటరుకి 9 మైక్రోగ్రాములు. డబ్ల్యూహెచ్‌ఓ హద్దు 8. వెంటనే అమ్మకి ఫోన్ చేసి క్యాన్ మానేయమన్నాను. మర్నాడు బ్లాంక్ రిపోర్టు వచ్చింది. అంటే శాంపిల్ బదులు డిస్టిల్డ్ వాటర్ పెట్టి అదే పద్ధతి నడపడం. అందులో 11!

సెమినార్‌లో ఒక సారు "బ్లాంక్ తీసేస్తే ఎంతమ్మా?" అన్నారు.

"మైనస్ 2 సార్."

"అయితే ఆ నీళ్ళు తాగితే ఒంట్లో ప్లాస్టిక్ కూడా పోతుందన్నమాట. మా ఇంటికో రెండు క్యాన్లు పంపించు."

హాలంతా ఒకటే నవ్వు. ఆయన ఏడాదిలో ఒక్కసారి ల్యాబ్ గడప తొక్కిన పాపాన పోలేదు, అది వేరే సంగతి.

మూడు వారాలు పిచ్చిదానిలా తిరిగాను. గ్లౌజులు, ప్లాస్టిక్ టిప్పులు, సీసా మూతికి చుట్టే పారాఫిల్మ్ అన్నీ అవతల పారేశాను. గాజు సామాను మఫుల్ ఫర్నేస్ అనే కొలిమిలో 400 డిగ్రీల దగ్గర 4 గంటలు కాల్చాను (కొలత ఫ్లాస్కులు మాత్రం కాల్చకండి, కొలత తప్పుతుంది, హెక్సేన్ ద్రావకంతో కడగండి, నేనొకటి పాడుచేశాకే తెలిసింది). ద్రావకంలో తడి పీల్చడానికి వేసే సోడియం సల్ఫేటూ కాల్చాను. 11 కాస్తా 10 అయింది, అంతే.

చివరికి దారి చూపింది మా అటెండర్ తాత. "డిస్టిలేషన్ దానికి దసరా సెలవుల్లో నేనే కొత్త పైపేశాను పాపా" అన్నాడు. వెళ్ళి చూస్తే మీటరు పొడవు తెల్లగా, మెత్తగా పీవీసీ పైపు, ముట్టుకుంటే వేళ్ళకి జిడ్డు, కొత్త రెయిన్‌కోటు వాసన. మెత్తటి పీవీసీ బరువులో మూడో వంతు దాకా ఈ నూనెలే ఉండొచ్చు. వేడి డిస్టిల్డ్ వాటర్ దాంట్లోంచే దిగుతోంది! గాజు సామాను చివర్న కడిగేదీ ఆ నీళ్ళతోనే, క్యాన్ శాంపిల్‌కీ అలాగే అంటింది. గాజు గొట్టం పెట్టించాక బ్లాంక్ 1 లోపలికి వచ్చింది, క్యాన్ నీళ్ళూ అంతే. మీరెవరైనా ఈ పని మొదలుపెడితే శాంపిల్ సంగతి తర్వాత, ముందు బ్లాంక్ నడపండి. బ్లాంక్ తీసేస్తే సరిపోతుందనే సీనియర్ల మాట అస్సలు వినకండి.

స్ప్రేల్లో మాత్రం డీఈపీ అనే ఇంకో థాలేటు ఎంత ఉందంటే, గ్రాఫులో దాని పీకు (శిఖరం) కాగితం దాటిపోయింది. సువాసన ఎక్కువసేపు నిలవడానికి వేస్తారు దాన్ని. డబ్బా మీద 'పర్ఫ్యూమ్' అని ఒక్క ముక్కే ఉంటుంది.

ఇంతకీ నా ఫోన్ విని అమ్మ ఆ రోజే క్యాన్ అబ్బాయితో పెద్ద గొడవ పెట్టుకుందట. అతను మా వీధికే రావడం మానేశాడు. ఇప్పుడు అతనికి ఫోన్ చేసి పిలవాల్సింది నేనేనట.