రెండున్నర శ్రుతిలో బ్లాక్ సబ్బాత్: పాత క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించిన నా అనుభవం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు, విజయనగరంలోని మా పెంకుటింటి అటక మీద ఉన్న రెండు అట్టపెట్టెలు తడిసిపోయాయి. ఒకదానిలో పాత పంచాంగాలు, రెండవదానిలో నా పాశ్చాత్య రాక్, మెటల్ సంగీతపు క్యాసెట్లు ఉండేవి. పంచాంగాలను పారవేశాము. క్యాసెట్లను తుడిచి, నీడన ఆరబెట్టి, సంగతి తరువాత చూద్దామని స్టీలు డబ్బాలో పెట్టాను. ఆ తరువాత అన్నది రావడానికి ఆరేళ్లు పట్టింది. 2020లో ఇంటిపట్టునే ఉండవలసి వచ్చిన రోజుల్లో మూత తీసి చూస్తే, 34 క్యాసెట్లలో సగానికి పైగా టేపు అంచుల వెంట తెల్లటి బూజు పట్టి ఉంది.

ఇవన్నీ ఫోనులోనే దొరుకుతాయి కదా, ఈ శ్రమ దేనికని మా అబ్బాయి అడిగాడు. అడగదగిన ప్రశ్నే. అప్పటికి నా దగ్గర సరైన జవాబు లేదు.

మొదట బాగు చేయవలసింది యంత్రాన్ని. మా టూ ఇన్ వన్‌లోని రబ్బరు బెల్టు కరిగి తారులా అంటుకుపోయింది. జూట్ మిల్లులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మా నాన్నగారు దానిని గీకి, కడిగి, రేడియో మెకానిక్కు దగ్గర దొరికిన బెల్టును తొడిగి, ఒక పూటలో యంత్రాన్ని తిప్పగలిగారు. టేపు మీది ధ్వనిని చదివే హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచాను. బూజు పట్టిన టేపులను పెరట్లో కూర్చుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పెన్సిలుతో ఒకసారి ఇటూ ఒకసారి అటూ పూర్తిగా చుట్టి తుడిచాను. స్క్రూలున్న క్యాసెట్లలోని చుట్టలను తీసి కొత్త డొక్కుల్లోకి మార్చడం సులువే. అతుకుపెట్టిన డొక్కులతోనే అవస్థ, రెండు చేతిలోనే విరిగిపోయాయి. తరువాత యంత్రం నుంచి కంప్యూటరుకు తీగ కలిపి, ఆడాసిటీ అనే రికార్డింగు సాఫ్టువేరులో సెకనుకు 44,100 నమూనాల చొప్పున రికార్డు చేయడం మొదలుపెట్టాను. 90 నిమిషాల క్యాసెట్టుకు సుమారు 950 మెగాబైట్ల చోటు పడుతుంది.

ముందుగా పెట్టినది, నేను ఇంటర్మీడియెట్ చదివే రోజుల్లో, 1993లో, ఖాళీ క్యాసెట్టు కొనిచ్చి రికార్డింగు షాపులో ఎక్కించుకున్నది. ఒక వైపు బ్లాక్ సబ్బాత్ వారి 1970 నాటి ‘పారనాయిడ్’, రెండవ వైపు పింక్ ఫ్లాయిడ్ వారి 1973 నాటి ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’. ఒక్కో వైపు 45 నిమిషాలు గనుక ఈ రెండు ఆల్బములూ చెరొక వైపున సరిపోతాయని షాపతను లెక్కగట్టి చెప్పాడు. ఆ క్యాసెట్టు మొదటిసారి మోగిన సాయంత్రం నాన్నగారు డ్యూటీ దిగి వచ్చి, “మిల్లులో విన్నది చాలదని ఇంటిక్కూడా తెచ్చావేట్రా?” అన్నారు. ఆ మాటలో ఎంత నిజముందో నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు. బ్లాక్ సబ్బాత్ బృందంలోని నలుగురూ ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ కార్మిక వాడల పిల్లలు. గిటారిస్టు టోనీ అయోమీ 17 ఏళ్ల వయసులో, రేకుల ఫ్యాక్టరీలో తన చివరి పనిదినాన, కుడిచేతి రెండు వేళ్ల కొసలను యంత్రంలో పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం వాడు కావడంతో తీగలను అదిమి పట్టవలసింది ఆ వేళ్లతోనే. ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకుని, సన్నని తీగలు వేసుకుని వాయించాడు. 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ నాటికి తీగలను బాగా వదులు చేసి, శ్రుతిని ఒకటిన్నర మెట్లు కిందికి దించాడు. ఈ కథ చెప్పినప్పుడు నాన్నగారు తొడుగులు ఎలా చేశాడని రెండుసార్లు అడిగారు, ఇంకేమీ అనలేదు.

రికార్డింగు అయ్యాక గిటారును సరిగ్గా శ్రుతి చేసుకుని పాటతో కలిపి వాయించబోతే ఎక్కడా కలవలేదు. మా వీధిలో వయొలిన్ నేర్పే మేష్టారు ఒకరున్నారు. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాలుగా, తరువాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు ప్రిన్సిపాలుగా ఉన్న సంగీత కళాశాల గల ఊరు కాబట్టి ఇటువంటి సందేహానికి దూరం పోనక్కరలేదు. ఆయన గుమ్మం దగ్గరే నిలబడి అర నిమిషం విని, “మూడు శ్రుతి అంటున్నావు గానీ, ఇది రెండున్నర కదా నాయనా,” అన్నారు. అంటే శ్రుతి అర మెట్టు దిగింది, పాట దాదాపు 6 శాతం నెమ్మదిగా నడుస్తున్నది. కొత్త బెల్టు మీద అనుమానంతో, షాపులో కొన్న ఒరిజినల్ క్యాసెట్టు ఒకటి వేసి చూస్తే శ్రుతి చక్కగా కలిసింది. లోపం రికార్డింగులోనే ఉంది. ఆనాడు షాపు యంత్రం ఉండవలసిన దానికన్నా వేగంగా తిరిగితే, సరైన వేగంతో తిరిగే యంత్రం మీద ఆ పాట నెమ్మదిస్తుంది, శ్రుతి దిగుతుంది.

దీనితో మరొక పాత తగవు కూడా తీరిపోయింది. ‘డార్క్ సైడ్’ గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ముగుస్తుంది. నా క్యాసెట్టులో ఆ చివరి చప్పుడు లేకుండానే టేపు అయిపోయేది. షాపతను పిసినారితనంతో కోసేశాడని నేను ఇరవై ఏళ్లకు పైగా నలుగురికీ చెబుతూ వచ్చాను. సుమారు 43 నిమిషాల ఆల్బము 6 శాతం ఎక్కువ టేపు తింటే 45 నిమిషాలు దాటిపోతుంది. 42 నిమిషాల ‘పారనాయిడ్’ మాత్రం అంచుకు వచ్చి ఆగింది. అతని లెక్క తప్పలేదు, పాపం అతని యంత్రమే తప్పింది.

ఆ తరువాతి తప్పు నాదే. టేపు బుసను తగ్గించడానికి, పాట మొదలయ్యే ముందున్న నిశ్శబ్దాన్ని నమూనాగా చూపి, అటువంటి ధ్వనినంతా తగ్గించమని ఆడాసిటీకి చెప్పాలి. నేను నిశ్శబ్దం అనుకుని ఎంచిన ముక్కలో, మెల్లమెల్లగా పెరిగే ఆ తొలి గుండె చప్పుడు అప్పటికే మొదలై ఉంది. యంత్రం దానిని కూడా చెత్తగా లెక్కించి తుడిచివేసింది. చివరి చప్పుడు ముందే పోయింది, మొదటిది నా చేతిలో పోయింది. అసలు రికార్డింగును వేరుగా దాచి ఉంచాను కాబట్టి బతికిపోయాను. ఆనాటి నుంచి బుస జోలికి పోలేదు.

అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది మెటాలికా వారి 1986 నాటి ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’. ఆ ఏడాది మార్చిలో ఆల్బము వచ్చింది, సెప్టెంబరు 27న స్వీడన్‌లో బస్సు బోల్తాపడి బాసిస్టు క్లిఫ్ బర్టన్ 24 ఏళ్లకే మరణించాడు. మాటలు లేని ‘ఓరియన్’లో అతని వేళ్లను వినడానికే నేను ఆ క్యాసెట్టును అరగదీశాను. ఇప్పుడు అందులో డ్రమ్ముల పక్కన మోగే తాళాల (సింబల్స్) మోత లేదు, అంతా దుప్పటి కప్పినట్లు వినబడుతోంది. నాలుగు మిల్లీమీటర్లయినా లేని టేపు మీద హెడ్డు వెంట్రుకవాసి వంగి నిలిచినా పై స్థాయి ధ్వనులు పోతాయి. హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూను తిప్పి, మోత విచ్చుకునే చోట ఆపాలి. స్క్రూడ్రైవరు నాన్నగారి చేతిలో పెట్టాను. ఆయన అటూ ఇటూ తిప్పుతూ “వచ్చిందా?” అని అడుగుతున్నారు. తాళాలు గలగలమన్న చోటును దాటి తిప్పేశారు. నేను ఆపమనే దాకా ఆపలేదు. ఏళ్ల తరబడి మగ్గాల మధ్య గడిపిన ఆయన చెవులకు ఆ ధ్వనులు అందవని అప్పుడు గాని నాకు స్ఫురించలేదు. స్క్రూడ్రైవరు నేను తీసుకున్నాను. ఆయన అరచేతిని స్పీకరు డబ్బా మీద ఆనించి కూర్చున్నారు.

‘పారనాయిడ్’ను రెండు ఫైళ్లుగా దాచాను. ఒకదాని పేరు ‘మూడు’, వేగం సరిచేసినది. రెండవదాని పేరు ‘రెండున్నర’. మా అబ్బాయికి మొదటిది చాలు. నేను గిటారు తీసినప్పుడల్లా తీగలు అర శ్రుతి దించుకుని రెండవదానితోనే వాయిస్తున్నాను. ఇంకా పదకొండు క్యాసెట్లు డబ్బాలో ఉన్నాయి. వాటిలో ఒకదానికి, టేపును హెడ్డుకు అదిమిపెట్టే ఫెల్టు ముక్క ఊడిపోయింది. నాన్నగారు పాత చెప్పు నుంచి ఒక ముక్క కత్తిరించి పెట్టారు, అతికించి చూడాలి.