జాబితాలో లేని పేరు

శనివారం, రాత్రి

సూర్యాస్తమయ ప్రార్థన ముగిసి గంట దాటింది. పిల్లలు పుస్తకాలు తీశారు, నేను ఈ డైరీ తీశాను. మేము సెవెంత్ డే అడ్వెంటిస్టు క్రైస్తవులం, శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం సూర్యాస్తమయం దాకా మాకు విశ్రాంతి దినం. విశ్రాంతి దినాన డైరీ రాయకూడదని నాకెవరూ చెప్పలేదు. అయినా శుక్రవారం సాయంత్రం ఫోనుతో పాటు దీన్ని కూడా సొరుగులో పెట్టేయడం అలవాటైంది. రాయడానికి కూర్చుంటే చేయాల్సిన పనులు గుర్తుకొస్తాయి, అవి గుర్తుకొస్తే చేతులు ఊరుకోవు. అందుకే ఉదయం నుంచి మనసులో తిరుగుతున్న సంగతిని ఇప్పుడు రాస్తున్నాను.

నిన్నటి నుంచి చెప్పాలి. మాకు రోజు మొదలయ్యేది సాయంత్రంతోనే. ఆదికాండం మొదటి అధ్యాయంలో ప్రతి రోజుకూ అస్తమయమూ ఉదయమూ కలిగాయనే ఉంటుంది: ముందు చీకటి, తరువాత వెలుగు. ఏడవ రోజు దగ్గర మాత్రం ఆ మాట లేదు. ఆ రోజు ముగిసిందని రాయకుండానే కథ ముందుకు సాగిపోతుంది. ఈ చిన్న తేడాను గమనించిన రోజు నాకెంత సంతోషం కలిగిందో ఇప్పటికీ గుర్తుంది.

నిన్న సూర్యాస్తమయం 6 గంటల 9 నిమిషాలకు. సంఘం ఇచ్చిన పట్టికను గోడకు అంటించి ఉంచుతాను. నాలుగున్నరకు ఆఫీసు నుంచి వచ్చాను. రేపటి వంటలో సగమైనా ముగించాలి, నలుగురి బట్టలు ఇస్త్రీ చేయాలి, ఇల్లు ఊడ్చి తుడవాలి. అత్తయ్య గదిలో దుప్పటి మార్చాలి. బాబు సబ్బాతు బడి, అంటే శనివారం సంఘంలో జరిగే బైబిలు పాఠం, పుస్తకం వెతకాలి. అది వారం పొడవునా ఎక్కడ ఉంటుందో ఎవరికీ తెలియదు. మా ఆయన దారిలో ఆలస్యమై ఆరుకు గాని రాలేదు. ఆరు దాటి తొమ్మిది నిమిషాలకు పాప కిటికీ దగ్గర నిలబడి "అమ్మా, ఎండ గోడ దిగిపోయింది" అంది. అప్పటికి నా చేతులు మోచేతుల దాకా సబ్బు నురుగులో ఉన్నాయి. కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకోకుండానే వెళ్ళి కూర్చున్నాను. అందరూ పాట అందుకున్నారు. నా గొంతు కలవలేదు. చీర కొంగు తడిసి కాళ్ళ మీద నీళ్ళు కారుతున్నాయి. మనసంతా పొయ్యి ఆర్పానా లేదా అన్న దాని మీదే ఉంది.

ఇది ఒక్క నిన్నటి మాట కాదు. పెళ్ళయిన నాటి నుంచి నా శుక్రవారాలు ఇలాగే గడిచాయి.

సువార్తల్లో శుక్రవారానికి ఒక పేరుంది, సిద్ధపరచు దినం. ఆ సిద్ధపాటు మన్నా కథలోనే మొదలైంది. మన్నా అంటే ఐగుప్తు (ఈజిప్టు) దాస్యం నుంచి బయటపడిన ఇశ్రాయేలు జనానికి అరణ్యంలో దేవుడు ఇచ్చిన ఆహారం. నిర్గమకాండం 16వ అధ్యాయంలో ప్రతి ఉదయం మనిషికి ఒక ఓమెరు (అప్పటి కొలత) చొప్పున ఏరుకునేవారు. ఎవరైనా మరుసటి రోజుకు దాచుకుంటే పురుగు పట్టి కంపు కొట్టేది. ఆరవ రోజున మాత్రం రెండు ఓమెర్లు దొరికేవి. కాల్చుకునేది కాల్చుకుని, వండుకునేది వండుకుని మిగిలింది ఉంచుకోమన్నాడు వాళ్ళను నడిపించిన మోషే. అది చెడలేదు. ఏడవ రోజున కొందరు ఏరుకోవడానికి వెళ్ళి వట్టి చేతులతో తిరిగి వచ్చారు. ఇది సీనాయి కొండ మీద పది ఆజ్ఞలు ఇవ్వకముందు జరిగిన సంగతి. అంటే ఆ జనం విశ్రాంతిని రాతి పలకల మీద చదవకముందే భోజనంలో నేర్చుకున్నారు. పిల్లలకు ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది. నలభై ఏళ్ళు, వారం తరువాత వారం, దేవుడు ఆ రెండో ఓమెరును మరిచిపోలేదు.

ఈ రోజు సబ్బాతు బడిలో చర్చ మా సంఘ చరిత్ర వైపు మళ్ళింది. 1844 ప్రాంతంలో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో వాషింగ్టన్ అనే చిన్న ఊరికి రేచెల్ ఓక్స్ అనే స్త్రీ వచ్చింది. ఆమె ఏడవ దిన బాప్తిస్టు, అంటే శనివారాన్నే విశ్రాంతి దినంగా పాటించే మరో క్రైస్తవ శాఖ మనిషి. అక్కడి ఆరాధనలో ఫ్రెడరిక్ వీలర్ అనే బోధకుడు దేవుని ఆజ్ఞలన్నిటికీ లోబడాలని చెబితే, మరి విశ్రాంతి దినం గురించిన నాలుగవ ఆజ్ఞ సంగతేమిటని ఆమె ఆయననే అడిగింది. ఆయన కోపగించుకోలేదు. లేఖనాలు చదివి, తానే శనివారాన్ని ఆచరించడం మొదలుపెట్టాడు. 1863లో సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘం వ్యవస్థగా ఏర్పడటానికి దాదాపు ఇరవై ఏళ్ళ ముందు మాట ఇది. ఒక స్త్రీ అడిగిన ఒక్క ప్రశ్న నుంచి నా శనివారం దాకా దారి ఉందంటే నాకు గర్వంగా ఉంటుంది.

తరువాత ఎప్పటిలాగే ఏమి చేయవచ్చు, ఏమి చేయకూడదు అన్న మాట వచ్చింది. ఒక అబ్బాయికి శనివారం పరీక్ష పడింది. వాళ్ళమ్మ కన్నీళ్ళు పెట్టుకుంది. అధికారులకు అర్జీ రాసే పని పెద్దలు తీసుకున్నారు. అబ్బాయి మాత్రం తల దించుకుని "నేను వెళ్ళను" అన్నాడు. ఆ రెండు మాటల ఖరీదు తెలిసినవాళ్ళు ఆ గదిలో చాలామంది ఉన్నారు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. అందరం లేచి ప్రార్థన చేశాం.

చర్చలో ఎవరో యూదుల నియమాలను భారం అని తేలికగా అనేశారు. నాకు బాధ కలిగింది. నేను కూడా ఒకప్పుడు అలాగే అనుకునేదాన్ని. యూదుల ప్రాచీన ధర్మ సంకలనమైన మిష్నాలో విశ్రాంతి దినాన మానుకోవాల్సిన పనులు ముప్పై తొమ్మిది ఉన్నాయి, "నలభైకి ఒకటి తక్కువ" అంటారు. దున్నడం, విత్తడం, కోయడం, ముడి వేయడం, ముడి విప్పడం, రెండు అక్షరాలు రాయడం, నిప్పు రాజేయడం, ఆర్పడం... ఇవి ఎవరో తోచినట్టు కూర్చిన నిషేధాలు కావు. ప్రత్యక్ష గుడారం, అంటే అరణ్యంలో దేవుని ఆరాధన కోసం వేసిన గుడారం, కట్టడానికి కావలసిన పనుల నుంచి తీసినవని వారి సంప్రదాయం. అంటే దేవుని గుడారం కట్టే పనైనా సరే, ఏడవ రోజున ఆగాలి. అంతకన్నా పవిత్రమైన పని మన దగ్గర ఏముంది? వాళ్ళు సూర్యాస్తమయానికి సాధారణంగా పద్దెనిమిది నిమిషాల ముందే దీపాలు వెలిగిస్తారు. మరునాడు ఆకాశంలో మూడు నక్షత్రాలు కనబడే దాకా ఉండి, ద్రాక్షారసంతో, సుగంధ ద్రవ్యాలతో, పాయలల్లిన కొవ్వొత్తితో ఆ రోజును సాగనంపుతారు. వస్తుంటే ఎదురు వెళ్ళడం, పోతుంటే వాకిలి దాకా వెళ్ళి వీడ్కోలు చెప్పడం. ఇంటికి వచ్చిన చుట్టాన్ని మనం చూసుకునే తీరు అదే కదా. నిన్న నేను ఆ చుట్టాన్ని తడి చేతులతో, పరధ్యానంగా లోపలికి పిలిచాను. ఆ పద్దెనిమిది నిమిషాలు నాకు కావాలి.

మధ్యాహ్నం భోజనం తరువాత పిల్లల్ని అత్తయ్య దగ్గర ఉంచి, మంచం పట్టిన ఒక పెద్దామెను చూడటానికి వెళ్ళాను. మా సంఘంలో మూడు దశాబ్దాలు పిల్లలకు పాఠం చెప్పిన మనిషి. కూతురు వెళ్ళిన పని ముగించుకుని రావడానికి రెండు గంటలు పడుతుందంటే, ఆ కాసేపు నేనుంటానన్నాను. జుట్టు దువ్వి ఎన్ని రోజులైందో, తల వెనక దిండుకు ఆనే చోట వెంట్రుకలన్నీ కలిసి ఉండ కట్టాయి. దువ్వెన దిగలేదు. నూనె రాసి, వేళ్ళతో ఒక్కొక్క పోగునూ పైనుంచి కాక కిందినుంచి విడదీస్తూ వచ్చాను. లాగితే ఆమె మొహం ముడుచుకునేది, అప్పుడు ఆపేదాన్ని. దాదాపు ముప్పావు గంట పట్టింది. చివరి చిక్కు విడిపోయి తెల్లటి జుట్టు భుజం మీదకు జారినప్పుడు ఆమె కళ్ళు మూసుకుని "హమ్మయ్య" అంది.

ముడి విప్పడం ఆ ముప్పై తొమ్మిదిలో ఉందని అప్పుడు గుర్తుకొచ్చింది. వెంటనే లూకా సువార్త 13వ అధ్యాయం కూడా. పద్దెనిమిది ఏళ్ళుగా నడుము వంగిపోయి పైకి చూడలేని స్త్రీని ప్రభువైన యేసు విశ్రాంతి దినాన, సమాజమందిరంలో (యూదుల ప్రార్థనా మందిరంలో) బాగుచేశాడు. మందిరపు అధికారి మండిపడితే, మీరంతా ఈ రోజున ఎద్దునో గాడిదనో విప్పి నీళ్ళకు తోలుకెళ్ళరా, ఈమెను మాత్రం ఈ కట్టు నుంచి విడిపించకూడదా అని అడిగాడు. అక్కడున్న పోలికంతా కట్టు విప్పడమే. పశువుకు దాహం వేస్తుందని ఎవరూ ఆజ్ఞ చదివి తెలుసుకోనక్కర లేదు. ఆమె బాధ మాత్రం వాళ్ళ కళ్ళకు ఆనలేదు.

పెద్దామె నన్ను బైబిలు చదవమంది. ఏది చదవాలంటే "ఆజ్ఞలు చదువమ్మా, రెండు చోట్లా" అంది. నిర్గమకాండం 20, ద్వితీయోపదేశకాండం 5. విశ్రాంతి దినాన్ని ఒకచోట జ్ఞాపకం ఉంచుకొమ్మని, ఒకచోట ఆచరించమని. మొదటి దానిలో కారణం సృష్టి, దేవుడు ఆరు రోజులు పనిచేసి ఏడవ రోజున విశ్రమించాడు. రెండవ దానిలో కారణం ఐగుప్తు: నీవు అక్కడ దాసుడివి, నిన్ను బయటికి తెచ్చాను, కాబట్టి నీలాగే నీ దాసుడూ నీ దాసీ విశ్రమించాలి. సెలవు అనేది లేని చోట ఇటుకలు చేసిన జనానికి చెప్పిన మాట అది. ఎవరెవరు పని మానాలో వరసగా ఉంది: నీవు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ ఎద్దు, నీ గాడిద, నీ ఇంటనున్న పరదేశి.

చదువుతూ ఆగిపోయాను. ఎన్నిసార్లు చదివానో, ఎన్నిసార్లు అప్పజెప్పానో. గాడిద పేరుంది. భార్య పేరు లేదు.

"నీవు అన్న మాటలోనే ఇద్దరూ ఉన్నారని మా నాన్నగారు చెప్పేవారు" అంది ఆమె, నేను అడగకుండానే. చాలామంది పండితులు చెప్పేదీ అదే. నాకు ఆ అర్థం సరైనదనే అనిపిస్తుంది. అయితే అలా చదివితే నా మీద ఇంకో మాట పడుతుంది. నేను ఎవరో విశ్రాంతి ఇస్తే తీసుకునే మనిషిని కాదు. ఆజ్ఞ నన్నే పిలిచి "నీవు" అంటోంది. నేను ఆగకపోతే అది త్యాగం కాదు, ఆజ్ఞను వినకపోవడమే. ఇన్నేళ్ళూ నా ఇంట్లో అందరి విశ్రాంతినీ నా శ్రమ మీద నిలబెట్టి, దాన్ని భక్తి అనుకున్నాను. ఆ మాట లోపల కలుక్కుమంది. ఆమె నా చేయి పట్టుకుని ఇంకేమీ అనలేదు.

తిరిగి వచ్చేసరికి ఎండ తగ్గింది. పిల్లలు నానమ్మ చుట్టూ కూర్చుని కంఠత వాక్యం అప్పజెబుతున్నారు. సూర్యాస్తమయానికి మళ్ళీ కలిసి పాడాం. ఈసారి నా గొంతు కలిసింది. ముగింపు ప్రార్థన మా ఆయన చేశారు.

తరువాత, ఎవరూ లేవకముందే, మధ్యాహ్నం చదివింది వాళ్ళకు చెప్పాను. ఫిర్యాదుగా చెప్పలేదు, వాక్యం చెప్పినట్టే చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అత్తయ్య మెల్లగా "నేను కూడా పాట మొదలయ్యేటప్పుడు వంటింట్లోనే ఉండేదాన్నమ్మా" అంది. ఆమె శుక్రవారాల గురించి నేను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు.

పాప నోటు పుస్తకంలో ఒక కాగితం చింపి తెచ్చింది. శుక్రవారం పనులన్నీ వరసగా రాశాను, పక్కన ఖాళీ వదిలాను. మా ఆయన కలం తీసుకుని గిన్నెల పక్కన, ఇల్లు తుడవడం పక్కన తన పేరు రాశారు. దారిలో ఆలస్యం కాకుండా శుక్రవారం ఒక గంట ముందే బయలుదేరతానని కూడా అన్నారు. బాబు తన బట్టలు తానే ఇస్త్రీ చేసుకుంటానన్నాడు. పుస్తకం గురువారమే వెతికి పెట్టుకుంటాడట. దుప్పట్లు పాప మారుస్తుంది. నేను వంట ఉంచుకున్నాను, అది బుధ, గురువారాల్లోనే కొంత సిద్ధం చేసుకోవచ్చు. పాట ఎంచుకోవడం అనే పని ఒకటి మిగిలింది. అత్తయ్య దాని పక్కన తన పేరూ నా పేరూ కలిపి రాయించింది.

వచ్చే శుక్రవారం సూర్యాస్తమయం 6 గంటల 11 నిమిషాలకు. కాగితం మీద 5 గంటల 53 నిమిషాలు అని రాసి, సూర్యాస్తమయ పట్టిక పక్కనే అంటించాను.