ఫియోర్డులో రెండు సీసాలు

నార్వేలో అది నా మొదటి జనవరి. బెర్గెన్‌లో చదువు అయిపోగానే, హార్డాంగర్ ఫియోర్డులో, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో, సాల్మన్ చేపలు పెంచే చోట ఉద్యోగం దొరికింది. పొద్దున్నే పడవలో పోయి, తాడుకు కట్టిన మీటరును నీళ్లలోకి వదిలి, ఎంత లోతున ఎంత వేడి, ఎంత ఉప్పు ఉందో రాసుకోవాలి. ఆ రోజు పైన 2 డిగ్రీలు చూపించింది, 10 మీటర్ల కింద 8. మూడుసార్లు వేసి చూశాను, అంతే. ఎండాకాలం చెరువులో మునిగి పెరిగినోణ్ణి, కిందికి పోయేకొద్దీ చల్లగా ఉండాలి కదా! మీటరు పాడైందని సూపర్‌వైజరుకు చెప్పాను.

ఆయన నవ్వి, పై నుంచి ఒక సీసా, కింది నుంచి ఒక సీసా నీళ్లు పట్టించి నాలుక మీద వేసుకోమన్నాడు. పైవి మా ఊరి బోరు నీళ్లలా కాస్త చప్పగా ఉన్నాయి. కిందివి నోట్లో పెట్టుకోలేనంత ఉప్పు. కొండల మీది నుంచి దిగే మంచినీళ్లు తేలిక కాబట్టి ఉప్పునీళ్ల మీద మూతలా తేలతాయి. గాలికి చల్లబడేది ఆ మూతే. దాని కింద అట్లాంటిక్ నుంచి వచ్చిన వెచ్చదనం అట్లాగే ఉంటుంది.

ఆ రాత్రి బాపుకు ఫోన్ చేశాను. నర్సంపేట దిక్కు మాది. పాకాల చెరువు కింద పొలం.

"గంత చలిల సముద్రం గడ్డ కట్టదా బిడ్డా?"

నేనుండేది 60 డిగ్రీల అక్షాంశం దగ్గర. గ్రీన్‌లాండ్ దక్షిణపు కొస కూడా దాదాపు అంతే, అక్కడ చూస్తే మంచు. మాకు పడమటి గాలులు, వాటితోపాటు దక్షిణం నుంచి వచ్చే వెచ్చని ఉప్పునీళ్లు కాపలా. ఆ నీళ్లు ఉత్తరానికి వచ్చి వేడిని గాలికి ఇచ్చేసి, చల్లబడి, బరువెక్కి అడుక్కి దిగిపోతాయి. అడుగు నుంచే దక్షిణానికి మళ్లుతాయి. మన గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండుతుంది కదా, ఇక్కడ మత్తడి సముద్రం లోపలికే దుంకుతుందన్నమాట. బాపుకు అట్లాగే చెప్పాను.

"ఎన్ని క్యూసెక్కులు రా?"

ఆ ప్రశ్న ఊహించలేదు. పేపరు, పెన్ను తీసుకున్నాను. 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర అట్లాంటిక్‌కు అడ్డంగా, అమెరికా దిక్కు నుంచి ఆఫ్రికా తీరం దాకా తాళ్లకు మీటర్లు కట్టి ఈ ప్రవాహాన్ని 2004 నుంచి కొలుస్తున్నారు. సెకనుకు దాదాపు 1.7 కోట్ల ఘనపు మీటర్లు. అంటే 60 కోట్ల క్యూసెక్కులు! 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు వచ్చిన వరద 24 లక్షల క్యూసెక్కులకు కాస్త పైన. అట్లాంటి గోదావరులు 250. ఇక అది మోసుకుపోయే వేడి సుమారు 1.2 పెటావాట్లు (ఒక పెటావాట్ అంటే 100 కోట్ల మెగావాట్లు), 2,600 మెగావాట్ల రామగుండం పాత ప్లాంటు లాంటివి దాదాపు 4.6 లక్షలు పెట్టినంత. బాపు కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోన్ కట్ అయిందనుకున్నాను.

టెన్షన్ ఎక్కడంటే, నేను రుచి చూసిన ఆ మంచినీళ్ల మూతే ఉత్తరాన ఈ నీళ్లు అడుక్కి దిగే చోట కూడా పడుతోంది. గ్రీన్‌లాండ్ మంచు కరిగి, ఉత్తరాన వానలు పెరిగి, పైనీళ్లు పలచనవుతున్నాయి. పలచని నీళ్లు ఎంత చల్లబడినా అంత తేలిగ్గా దిగవు. దిగకపోతే దక్షిణం నుంచి వచ్చేవి తగ్గుతాయి. వాటితో వచ్చే ఉప్పూ తగ్గుతుంది, ఇంకా పలచనవుతాయి. ఈ శతాబ్దంలో ఈ ప్రవాహం తగ్గడం దాదాపు ఖాయమనీ, 2100 లోపు ఒక్కసారిగా ఆగిపోదని ఓ మోస్తరు నమ్మకంతో చెప్పవచ్చనీ వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2021లో రాసింది. రేపే మంచుయుగం వస్తుందని యూట్యూబ్‌లో అరిచేవాళ్లను పట్టించుకోనక్కర్లేదు.

"మరి గా వేడి ఏడ వోతది? మాయం గాదు గద."

మా క్లాసులో ఎవరూ ఇంత సూటిగా అడగలేదు. పోదు బాపూ, దక్షిణానే మిగిలిపోతుంది. భూమధ్యరేఖ దగ్గరి వానల పట్టీ వేడి ఉన్న దిక్కుకు, అంటే దక్షిణానికి, జరుగుతుంది. ఈ ప్రవాహం బాగా తగ్గితే పశ్చిమ ఆఫ్రికాలోనూ మన దగ్గరా వానాకాలం బలహీనపడుతుందని చాలా కంప్యూటర్ లెక్కల్లో వస్తోంది.

"అంటే నీ కాడ తూము మూస్తే నా కాడ పొలం ఎండుతదా?"

అవునని అనలేకపోయాను, కాదనీ అనలేకపోయాను. యాసంగి నాట్ల సంగతి అడిగాను.

మర్నాడు ఫియోర్డు మీద అద్దంలాంటి పలచటి మంచు. తెడ్డుతో పగలగొట్టి మీటరు వదిలాను. ఆ అంకెలు ఫోటో తీసి బాపుకు పంపాను. అప్పటి నుంచి రోజూ ఇదే తంతు. ఆయన పాకాల ఎన్ని అడుగులుందో చెబుతాడు, నేను 10 మీటర్ల కింద ఎంత వేడి ఉందో చెబుతాను. నిన్న ఆయన 19 అన్నాడు. నేను 8 అన్నాను.