మేకు కొట్టకుండా మిల్లులో బొమ్మలు

మిల్లు తాళం చేతిలో పెడుతూ మా మావయ్య ఒక్క మాటే అన్నాడు. "గోడకి ఒక్క మేకు కూడా కొట్టకూడదమ్మాయ్. కొడితే గార మొత్తం ఊడొచ్చేస్తుంది." నేను గోడకి అరచెయ్యి ఆనించి తీశాను. చెయ్యంతా సున్నం పొడి.

పాలకొల్లు దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో ఆ రైసు మిల్లు మూతపడి పదకొండేళ్ళయింది. మెషిన్లు ఎప్పుడో అమ్మేశారు. పైన ఒక షాఫ్టు, దానికి రెండు చక్రాలు, గుమ్మం దగ్గర బస్తాలు తూచే కాటా, ఇవే మిగిలాయి. అందులో నా 38 బొమ్మల ప్రదర్శన పెట్టాలి. అన్నీ బొగ్గుతో గీసినవే. ఆ మిల్లులో బస్తాలు మోసిన ముఠా వాళ్ళు, బియ్యం చెరిగిన ఆడవాళ్ళు. హైదరాబాదులో గ్యాలరీ దొరకలేదా అని చాలామంది అడిగారు. దొరికేదేమో. కానీ ఆ బొమ్మల్లో ఉన్నవాళ్ళు అక్కడికి రారు కదా.

గోడని ముట్టుకోకూడదంటే బొమ్మలు తమంతట తాము నిలబడాలి. ఈ ఇబ్బంది నాతో మొదలైంది కాదు. 1924లో వియన్నాలోని కాన్సర్ట్‌హౌస్‌లో కొత్త రంగస్థల పద్ధతుల మీద పెద్ద ప్రదర్శన జరిగింది. దానికి రంగస్థల రూపకర్త ఫ్రెడరిక్ కీస్లర్ గోడల జోలికే పోకుండా, విప్పి మళ్ళీ బిగించుకోగల చెక్క స్టాండ్లు చేయించాడు. ఎల్, టీ అక్షరాల ఆకారంలో ఉండే ఆ స్టాండ్ల ఫోటోలు కాలేజీలో చూసినప్పటి నుంచీ నా మనసులో ఉండిపోయాయి. నాటకాల ప్రదర్శనకే అవి పుట్టాయంటే నాకు ఆశ్చర్యం అనిపించలేదు. మన సురభి వాళ్ళు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలుపెట్టినప్పటి నుంచీ ఊరూరా తిరిగి ఆడినవాళ్ళే కదా. అంతఃపురమైనా అడవైనా విప్పి కట్టగలిగితేనే వెంట వస్తుంది. ఇక ఇంట్లో బొమ్మల కొలువు సంగతి చెప్పాలా? ట్రంకు పెట్టెలు, పీటలు, బల్లలు, పైన ఒక దుప్పటి. పండగ అయిపోగానే దేని చోటికి అది వెళ్ళిపోతుంది.

నేనూ అలా విప్పి బిగించుకునే చెక్క ఫ్రేములే చేయించాలనుకుని, ముందు కొత్త కలప చూశాను. పచ్చి కర్ర అయితే ఆరేకొద్దీ మెలి తిరుగుతుంది, మా వైపు గాలిలో తేమ కూడా ఎక్కువ. చివరికి పడగొట్టిన మండువా ఇంటి టేకు వాసాలు కొన్నాను. దశాబ్దాలుగా ఆరిన కర్ర, ఇక పెద్దగా వంగదు. కానీ కోతమిల్లులో మేకులు తీసి తెస్తేనే కోస్తామన్నారు. ఒక్క మేకు తగిలినా రంపం పళ్ళు పోతాయి. రెండు రోజులు కూర్చుని మేకులన్నీ పీకాను.

రెండే రెండు సైజులు. ఆరడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు ఉన్న ఫ్రేములు 30. మూడడుగులకి మూడడుగుల చదరం ఫ్రేములు 16. రెండు చిన్నవి ఒకదాని మీద ఒకటి పెడితే ఒక పెద్దదానికి సమానం. పెద్దవాటికి మధ్యలో ఒక అడ్డకర్ర. అన్నీ రెండంగుళాల చదరపు రీపరు, మొత్తం 820 అడుగుల పైన పట్టింది. ఫ్రేము మూలల్లో వడ్రంగి మేస్త్రి గారు ఒక కర్ర కొసని సన్నగా కుసిలా చెక్కి, రెండో కర్ర బెజ్జంలోకి దిగ్గొట్టారు. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య మాత్రం బోల్టు, వింగ్ నట్టు. రెంచి లేకుండా చేత్తోనే బిగుసుకోవాలని నా పట్టుదల.

అసలు కథంతా బోల్టు రంధ్రాల్లో ఉంది. గ్యాలరీల్లో బొమ్మ మధ్యభాగం నేల నుంచి 57 అంగుళాల ఎత్తులో ఉండేలా పెట్టడం ఒక అలవాటు, మనిషి కంటికి దాదాపు సూటిగా ఉంటుందని. నాకూ అక్కడో రంధ్రం కావాలనిపించింది, బొమ్మ కొక్కెం దానికే తగిలించొచ్చని. కింద నుంచి 9 అంగుళాలు వదిలి, అక్కడి నుంచి అడుగడుగుకీ ఒక రంధ్రం గీసిచ్చాను. 9, 21, 33, 45, 57, 69. నాలుగు ఫ్రేములు తయారయ్యాయి. మేస్త్రి గారు రెండింటిని పక్కపక్కన నిలబెట్టి బోల్టు దూర్చారు. చక్కగా దూరింది. తర్వాత ఏమీ మాట్లాడకుండా ఒకదాన్ని తలకిందులు చేసి మళ్ళీ ఆనించారు. ఒక్క రంధ్రమూ కలవలేదు.

"రాత్రిపూట నలుగురు కుర్రాళ్ళు మోసుకొచ్చి నిలబెడతారు. ఏది పైనో ఏది కిందో వాళ్ళెవరు చూస్తారమ్మా?" అన్నారు.

నా కడుపులో దేవినట్టయింది. గీత నాదే, తప్పూ నాదే. ఆ రాత్రి కాగితం ముందేసుకుని కూర్చున్నాను. తొమ్మిది బదులు ఆరంగుళాలు వదిలితే? 6, 18, 30, 42, 54, 66. పై నుంచి కొలిచినా అవే అంకెలు. చిన్న ఫ్రేముకి 6, 18, 30. దాని మీద ఇంకొకటి ఎక్కిస్తే పై రంధ్రాలు 42, 54, 66 దగ్గరికొస్తాయి, పెద్ద ఫ్రేముతో అంగుళం తేడా లేకుండా. అది చూసి రాత్రి పన్నెండింటికి మా అమ్మని నిద్రలేపి చెప్పాను.

పొద్దున్నే మేస్త్రి గారు ఒక ప్లైవుడ్ పట్టీ మీద ఆ ఆరు గుర్తుల దగ్గర రంధ్రాలు పెట్టారు. ఇక టేపు పట్టుకునే పని లేదు. పట్టీని కర్రకి బిగించడం, డ్రిల్లు దించడం, అంతే. టేపుతో ఒక్కోటీ కొలుస్తూ పోతే ఇక్కడ నూలంత, అక్కడ నూలంత తేడా చేరి చివరికి అరంగుళం అవుతుందట. బోల్టు 8 మి.మీ. అయితే రంధ్రం 9 మి.మీ. పెట్టించారు. కర్ర నిలువు పొడవున దాదాపు మారదని, తేమకి ఉబ్బేదీ తగ్గేదీ అడ్డంగానేనని కూడా అప్పుడే చెప్పారు. అందుకే నిలువుకర్రల్లో రంధ్రాల మధ్య దూరాన్ని వానాకాలం వెళ్ళాక కూడా నమ్మొచ్చు.

ఫ్రేములు వరసగా ఒకే గీతలో నిలబెడితే పడిపోతాయి. మూసిన పుస్తకం నిలబడదు, తెరిస్తే నిలబడుతుంది. మేమూ రెండో ఫ్రేము దగ్గరో మూడో ఫ్రేము దగ్గరో మలుపు తిప్పాం. గచ్చు కాలువ వైపు వాలి ఉంది, పల్లంగా ఉన్నచోట చెక్క ముక్కలు దోపాం. కొన్ని ఫ్రేములకి మిల్లులోనే దొరికిన గోనె గుడ్డ లాగి కట్టాం, కొన్ని ఖాళీగా వదిలేశాం. ఖాళీ చట్రంలోంచి వెనకాల షాఫ్టు కనిపిస్తుంటే, అది కూడా ఒక బొమ్మే అనిపించింది నాకు.

మొదటి రోజు సాయంత్రం ముఠా వాళ్ళు వచ్చారు. ఏడెనిమిది మంది, ఒకాయన మనవడిని ఎత్తుకుని. కాటా దగ్గరే ఆగిపోయారు. లోపలికి రండి బాబాయ్ అంటే, "చూస్తన్నాంలే అమ్మా" అన్నారు. అక్కడి నుంచి ఏమీ కనిపించదు. నేను ఫ్రేములతో మలుపులు మలుపులుగా దారి పెట్టి, వాళ్ళ బొమ్మల్ని చివరి గదిలో, అన్నిటికన్నా గొప్ప చోటని నేననుకున్న చోట ఉంచాను. వాళ్ళకి మాత్రం గుమ్మంలోంచి నా గోనె గుడ్డ వెనకభాగమే కనిపించింది. పదకొండేళ్ళ కిందటి దాకా భుజాన బస్తాతో తిన్నగా నడిచిన చోట నేను అడ్డం కట్టాను. కాసేపు నిలబడి వెళ్ళిపోయారు. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

తొమ్మిదింటికి మా తమ్ముణ్ణి, వాడి స్నేహితులిద్దరినీ పిలిచాను. నలుగురం కలిసి 22 ఫ్రేములు విప్పాం. కాటా నుంచి వెనక గుమ్మం దాకా, ఒకప్పుడు బస్తాలు వెళ్ళిన దారి మొత్తం ఖాళీ చేసి, దానికి రెండు పక్కలా ఫ్రేములు తెరిచిన తలుపుల్లా పెట్టాం. ముఠా వాళ్ళ బొమ్మలు కాటాకి ఎదురుగా. 57 అంగుళాల లెక్క వదిలేసి మధ్యభాగం నాలుగడుగులకి దించాను, కూర్చున్నవాళ్ళకీ పిల్లలకీ అందేలా. చిన్న ఫ్రేములు కొన్ని పడుకోబెట్టి పైన పలకలు వేస్తే బల్లలయ్యాయి. రంధ్రం కలవని చోటు ఒక్కటీ లేదు. పదకొండున్నరకి తాళం వేశాం. మేకు కొట్టి బిగించి ఉంటే ఆ రాత్రి నేను ఏడ్చి పడుకునేదాన్ని, అంతకుమించి చేయగలిగింది ఉండేది కాదు.

మర్నాడు నేనే వెళ్ళి వాళ్ళని పిలిచాను. మనవడిని ఎత్తుకున్నాయన కాటా పక్కన బల్ల మీద కూర్చుని ఎదురుగా ఉన్న బొమ్మని చాలాసేపు చూశారు. తర్వాత లేచి దగ్గరికెళ్ళి, బొమ్మలో బస్తా కింద ఉన్న చేతిని చూపించి, "కొక్కెం ఎడం చేత్తో పట్టేవోణ్ణమ్మా నేను" అన్నారు. నేను కుడి చేతిలో గీశాను. ఆ బొమ్మ దించి, అక్కడే బల్ల మీద పెట్టుకుని, ఆయన చెప్తుంటే చెయ్యి మార్చి గీశాను. మనవడు నా బొగ్గు ముక్క పట్టుకుని నిలబడ్డాడు.

తొమ్మిది రోజులు నడిచింది. ఆ తొమ్మిది రోజుల్లో ఇంకో రెండుసార్లు అమరిక మార్చాం, ఒకసారి వర్షానికి రేకు కారి, ఇంకోసారి బడి పిల్లలు అరవై మంది ఒకేసారి వస్తున్నారని తెలిసి. విప్పేశాక మావయ్య గోడలన్నీ చుట్టూ తిరిగి చూసుకున్నాడు.

ఫ్రేములు ఇప్పుడు మా ఇంటి అటక మీద ఉన్నాయి, బోల్టులు ఒక నూనె డబ్బాలో. ఆరు చిన్న ఫ్రేములు సంక్రాంతికి పక్కింటి పిన్నిగారి బొమ్మల కొలువుకి వెళ్ళాయి, ఇంకా తిరిగి రాలేదు. రంధ్రాల పట్టీ మాత్రం మేస్త్రి గారు తన దగ్గరే ఉంచుకున్నారు. మిగతా వాసాలు కోయించి పంపితే ఇంకో పది ఫ్రేములు చేస్తానన్నారు.